తల వంచే స్టెప్పు

అత్తగారు పోయి రెండేళ్ళయినా ఎర్నెస్టీన్‌కి ఆవిడ మీద ఫిర్యాదులు తీరలేదు. ఇరవై ఏళ్ళు పారిస్‌లో ఆడి పాడి, జర్మన్లు వస్తున్నారనగానే సముద్రం దాటి, నల్లవాళ్ళ పేట హార్లెంలో కొడుకింటికి చేరిన మిస్ ఫ్లోసీ, వచ్చిన నాటి నుంచి పోయిన నాటి దాకా ఒక్క పళ్ళెం కడిగిన పాపాన పోలేదు. కోడలు పంది ఎముక వేసి ఆకుకూర ఉడికిస్తుంటే పొయ్యి పక్కన నిలబడి, “పారిస్‌లో ప్రభువులకి నేనే డాన్సు నేర్పాను” అనేది.

“వాళ్ళే గిన్నెలు కూడా కడిగిపెట్టేవారు కాబోలు” అని కోడలు గొణిగేది. ఆ కథల్లో సగం కోతలేనని ఆమె నమ్మకం. మిగతా సగం మర్యాద కొద్దీ నమ్మినట్టు నటించేది.

ముసలామె ఒక్క మంచి పని మాత్రం చేసింది. వంటింటి నేల మీద మనవరాలు వర్డెల్‌కి డాన్సు నేర్పింది. ఆ పిల్ల కాళ్ళని నమ్ముకునే ఈ శనివారం మధ్యాహ్నం తల్లీకూతుళ్ళిద్దరూ డాన్సు హాలుకి వచ్చారు. యూరప్ వెళ్ళే బృందంలో ఒక్క అమ్మాయికే చోటుంది. ఎంచే మనిషి పాత డాన్సరు టాలివర్. హార్లెంలో ఆయన పేరు తెలియని పసిపిల్లలు కూడా ఉండరు.

పియానో అందుకోగానే వర్డెల్ బూట్లు టకటకలాడాయి. బెంచీ మీద వంతు కోసం కూర్చున్న అమ్మాయిల మొహాలు మాడిపోయాయి. ఎడమ మడమ మీద గిర్రున తిరిగి, తల వంచి, లేస్తూ నవ్విందో లేదో, టాలివర్ చేతికర్ర నేలని కొట్టింది.

“ఆపు! ఎక్కడ కొట్టేశావే అది?”

“ఏది సార్?”

“ఆ తల వంచే స్టెప్పు. నా పోస్టర్ల మీద అచ్చేసుకున్న స్టెప్పు!”

ఆ హాల్లో జేబు కొట్టినవాణ్ణయినా క్షమిస్తారు గాని, ఇంకొకరి స్టెప్పుని ఉన్నదున్నట్టు కొట్టేసినవాణ్ణి గడప తొక్కనివ్వరు. దొంగన్న పేరు పడ్డాక ఈ ఊళ్ళో ఏ స్టేజీ ఎక్కనివ్వరు.

“మా నానమ్మ నేర్పింది సార్.” అంది వర్డెల్.

“దొరికినవాళ్ళందరికీ నానమ్మలే నేర్పుతారు! బూట్లు విప్పి ఇంటికి పో.”

బెంచీ మీద ఎవరో కిసుక్కుమన్నారు. వర్డెల్ వంగి లేసు పట్టుకుంది. ఎర్నెస్టీన్ లేచి నిలబడింది.

“విప్పకే.”

“మీరెవరమ్మా?”

“మీరు దొంగన్న పిల్లని కన్నదాన్ని. ఒక్క మాట చెప్పండి టాలివర్ గారూ. ఆ స్టెప్పులో తల ఎందుకు వంచుతారు?”

“ఎందుకేమిటి? అందానికి.”

“ఇంత ఎత్తు కప్పు కింద, ఏనుగు మీద ఏనుగు నిలబడినా తగలదే! ఎందుకు వంచినట్టు?”

టాలివర్ తలెత్తి కప్పు వంక చూశాడు.

ఇప్పుడు చెప్పాల్సిన కథ ఎర్నెస్టీన్ ఏనాడూ నమ్మని కథ. అది కూడా కోతే అయితే, కూతురికి దొంగన్న పేరుతో పాటు అబద్ధాలకోరు వంశమన్న పేరూ వస్తుంది.

“మా అత్తగారు మిస్ ఫ్లోసీ పారిస్‌లో ఒక నేలమాళిగలో ఆడేది. ఆడే చోటు మీ ముందున్న బల్లంత. కుడి పక్క మెట్లు, వాటి నిండా జనం. అందుకని ఎడమకే తిరగాలి. అక్కడేమో నెత్తికి తగిలేలా అడ్డంగా దూలం. మొదటి రోజే నుదురు చిట్లింది. మర్నాటి నుంచి తిరిగిన ప్రతిసారీ తల వంచేది, దూలం తప్పాక నవ్వేది. చూసినవాళ్ళు అదే సొగసనుకున్నారు.”

టాలివర్ కర్ర ఆనించుకుని లేచాడు. మెల్లగా ఎడమకి తిరిగాడు. తల దానంతటదే వంగింది. వంగిన తల మళ్ళీ లేవలేదు.

“ఆ దూలానికి ఎర్రగుడ్డ చుట్టి ఉండేది” అన్నాడు, నేల చూస్తూ.

ఎర్రగుడ్డ మాట ఎర్నెస్టీన్ అనలేదు. అత్తగారూ ఎప్పుడూ చెప్పలేదు. అయితే అదంతా నిజమే! ఆ ప్రభువుల సంగతి కూడానా, దేవుడా?

“మొదటి యుద్ధం అయిపోయి, ఇంటికి పోయే ఓడ కోసం పడి ఉన్న సిపాయిలం” అన్నాడు టాలివర్, ఆమె ఒక్కదానికే వినపడేలా. “ఆ మెట్ల మీద నేనూ కూర్చున్నాను. ఇక్కడికొచ్చి ఆడితే, ఎవరిదిరా ఇది అన్నారు. నాదే అన్నాను. ఒకసారి అన్నాక అంటూనే ఉండాల్సొచ్చింది. చివరికి నేనే నమ్మేశాను.”

“నా చెవిలో చెబితే ఏం లాభం? నా కూతుర్ని అందరికీ వినపడేలా అన్నారు.”

“నేను ఒప్పుకుంటే ఈ హాల్లో నాకు చోటుండదమ్మా. ఆ కట్టుబాటు పెట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.”

“మీరు ఒప్పుకోకపోతే దానికుండదు.”

టాలివర్ తలుపు వంక చూశాడు. వెళ్ళిపోతాడనే అనుకుంది ఎర్నెస్టీన్. పియానో అతను కూడా అలాగే అనుకున్నట్టున్నాడు, దారి ఇవ్వడానికి కుర్చీ వెనక్కి జరిపాడు.

టాలివర్ బెంచీ వైపు తిరిగాడు.

“అమ్మాయిలూ, వినండి. తప్పు నాది. ఈ పిల్ల దొంగ కాదు, దొంగని నేను. ఆ స్టెప్పు మిస్ ఫ్లోసీది.”