అమ్మవారిని తిట్టే వంతు

ఆ గుడిలో అమ్మవారు తిట్లు తింటే గానీ కదలదు. జాతర మూడో రోజు పొద్దున పల్లకీ గుమ్మం దాటాలంటే, ఒక ఇంటి ఆడమనిషి ఎదురుగా నిలబడి ఆమెను నోరారా తిట్టాలి. ఏడాది పొడుగునా పూజలు అందుకుని అమ్మవారికి బద్ధకం పడుతుందనీ, నాలుగు చీవాట్లు పడితేనే ఒళ్లు తేలికవుతుందనీ నమ్మకం. తేలికైందో లేదో చెప్పేది బోయీలు. భుజం మీద బరువు తగ్గితే అడుగేస్తారు. తగ్గకపోతే "ఇంకా బరువే" అని నిలబడిపోతారు.

ఆ హక్కు అత్తగారిది. ముప్పై ఏళ్లుగా ఆమె నోరు విప్పితే చాలు, పల్లకీ పరుగెత్తేది. ఈ ఏడు జాతర పది రోజులుందనగా ఆమె గొంతు పోయింది. నెల రోజులు గుసగుస కూడా వద్దన్నాడు డాక్టరు. అప్పటి నుంచి ఆమె మెడలో పలక వేలాడుతోంది. నోటితో అన్నవైతే గాలికి పోతాయి. రాసినవి, ఆమెకు తుడవాలనిపించేదాకా ఎదురుగానే ఉంటాయి. ఆ తేడా కోడలికి రెండో రోజుకే తెలిసింది.

"ఈసారి నువ్వు తిట్టు. లేకపోతే హక్కు పాల డిపోకి పోతుంది" అని రాసిందామె.

పాల డిపో అంటే, ఊళ్లో ఆ డిపో నడిపే అత్తగారి ఆడపడుచు. వదిన గొంతు ఎప్పుడు పోతుందా అని ముప్పై ఏళ్లుగా కాచుకున్న మనిషి.

కోడలు నీళ్ల సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల ఫోను దగ్గర పనిచేస్తుంది. కుళాయి రానివాళ్లూ, వచ్చి బురద పోస్తున్నవాళ్లూ తొమ్మిదేళ్లుగా ఆమెనే తిడుతున్నారు. "సారీ అండి, రాసుకున్నానండి" అంటుంది. ఆఫీసులో ఆమె పేరు సారీ మేడం. తిట్లు తినడంలో ఆమెకు సాటి లేరు. తిట్టడమే రాదు. కోపం లేక కాదు. వచ్చిన కోపం గొంతుదాకా ఎక్కి, అక్కడ ఎవరో కుర్చీ వేసుకుని కూర్చున్నట్టు, మర్యాదగా వెనక్కి దిగిపోతుంది. ఆ కూర్చున్నదెవరో ఆమె ఎప్పుడూ తేరిపార చూడలేదు. చూస్తే పలకరించాల్సి వస్తుంది.

వంటింట్లో కుక్కరు ముందు నిలబడి సాధన చేసింది.

"నువ్వు... నువ్వేం బాగాలేవు."

కుక్కరు కూత వేసింది.

"సారీ" అంది కోడలు.

గుమ్మంలోంచి మొగుడు నవ్వాడు. "తిడుతున్నావా, కుశలం అడుగుతున్నావా?"

"నవ్వింది చాలు గానీ, రెండు తిట్లు నేర్పండి."

"మా అమ్మ కడుపున పుట్టినవాణ్ణే! నాకు తినడం తప్ప పెట్టడం రాదు."

నిరుడు అత్తగారు తిట్టిన తిట్లు గుర్తు తెచ్చుకుంది. "పిలిస్తే పలకవు, పలికితే వినపడదు! నోట్లో ముత్యాలు దాచుకున్నావుటే? నీ మెతకదనం చూసి ఊరంతా నెత్తికెక్కుతుంటే నీకు చీమ కుట్టినట్టయినా ఉండదేం!" రాతి బొమ్మ తీరును ఎంత బాగా పట్టుకుందో అని జనం చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది కోడలే.

మూడో రోజు రానే వచ్చింది. రంగులరాట్నం ఆగింది. గాజుల కొట్లవాళ్లు బేరాలు వదిలి వచ్చారు. పూజారి మైకు అందించాడు.

"అమ్మా... తమరు దయచేసి లేవాలి" అంది కోడలు.

జనంలో కిసకిసలు. బోయీల పెద్ద తల అడ్డంగా ఊపాడు. "ఇంకా బరువే. ఇందాకటి కంటే పెరిగింది కూడా."

పాల డిపో ఆవిడ కొంగు నడుముకు బిగించింది. "పాపం, దానికేం తెలుసు! తప్పుకో అమ్మాయ్, నేను చూసుకుంటాను."

కోడలు తలెత్తి అమ్మవారిని చూసింది. రెప్ప వేయని పెద్ద కళ్లు. ఏ మూలకు జరిగినా వెంటే వచ్చే చూపు. ఆ చూపు కింద తను రోజూ కూరలు తరుగుతున్నట్టూ, అన్నం వారుస్తున్నట్టూ అనిపించింది. గొంతులో కుర్చీ కిర్రుమంది.

"ఏం చూపే అది?" అంది ఎవరో. తనే.

"కూర్చున్నచోటు నుంచి కదలవు, ఇల్లంతా నీ కళ్లే! చీర తెస్తే రంగు బాగాలేదు, వండి పెడితే ఉప్పు చాల్లేదు! ఒక్కనాడైనా బాగుందని నీ నోటంట వచ్చిందా? వచ్చినవాళ్లంతా నీ కాళ్లకే మొక్కాలి. పక్కన ఒక మనిషి పొద్దుటి నుంచి నిలబడి ఉందని కనపడదా? ఫ్రిజ్ తలుపు ఎన్నిసార్లు తీశానో మాత్రం కనపడుతుంది!"

ఠక్కున ఆగింది. అప్పటికే మైకు ఆ ఫ్రిజ్‌ను రంగులరాట్నం దాకా మోసుకుపోయింది.

"అమ్మవారికి ఫ్రిజ్ ఎక్కడిదండీ?" అన్నాడు గాజులాయన.

"ఈమధ్యే ఎవరో భక్తులు ఇచ్చారు" అన్నాడు పూజారి తడుముకోకుండా.

జనం గొల్లుమన్నారు. నవ్వుతో బోయీల భుజాలు ఎగిరిపడుతున్నాయి. పల్లకీ ఒక్క ఊపు ఊగి కదిలింది. "దూది! దూది!" అని అరిచాడు వాళ్ల పెద్ద. పాల డిపో ఆవిడ కొంగు వదులు చేసుకుంది.

ఊరేగింపు వెళ్లిపోయాక గుడి ముందు ఇద్దరే మిగిలారు. అత్తగారి ముఖం అచ్చం అమ్మవారి ముఖంలాగే ఉంది. సుద్దముక్క కిచకిచలాడింది.

"ఫ్రిజ్ ఎవరిది?"

"అమ్మవారిదే, అత్తయ్యా."

అత్తగారు కొంగుతో తుడిచి, చాలాసేపు ఆలోచించి రాసింది. "బాగుంది."

కోడలు ఆ మాటను రెండుసార్లు చదువుకుంది. అత్తగారు దాన్ని తొందరగా తుడిచేసింది.

"మనసులో ఎవరో ఒకరు లేకుండా దేవతను తిట్టలేం. నేను మా అత్తను తిట్టేదాన్ని" అని రాసింది.

"ఆవిడ పోయి పదకొండేళ్లయింది కదా. నేను కాపురానికొచ్చిన ఏడే. మరి ఆ తర్వాత?"

అత్తగారు వేళ్లు విప్పి, సుద్దముక్క అయిపోయిందన్నట్టు సైగ చేసింది. రెండో చేతి గుప్పిట్లో నిండు సుద్దముక్క తెల్లగా కనిపిస్తూనే ఉంది.

పిలిస్తే పలకవు. పలికితే వినపడదు.

కోడలు తన అరచేతులు చూసుకుంది. పదకొండేళ్ల చప్పట్లు వాటిలో చురుక్కుమన్నాయి.

"అత్తయ్యా, వచ్చే ఏడు మీకు గొంతు వచ్చినా సరే, విశ్రాంతి తీసుకోండి. నేను తిడతాను."

అత్తగారికి సుద్దముక్క వెంటనే దొరికింది.

"కుదరదు. వంతులేసుకుందాం."