గడిలో చదివిన పత్రిక

దొర గడి నుంచి జవాను వచ్చి పిలిచేసరికి సిద్ధిరాములు మగ్గం గుంటలో ఉన్నాడు. "హైదరాబాదు పత్రిక వచ్చిందట. మన ఊరి మీదనే రాసిన్రట. పట్వారికి కండ్లు కనవడ్తలేవు, నిన్ను చదవమంటున్నడు దొర" అన్నాడు జవాను.

సిద్ధిరాములు భార్య సాలవ్వ చేతిలోంచి నూలు చిలప జారింది. జవాను వాకిలి దాటాక మెల్లగా అడిగింది.

"నువ్వు రాసిందేనా?"

"అదే కావచ్చు."

"పేరు పడ్డదా?"

"పడది. ఎల్లారెడ్డి తాలూక విలేఖరి అనే వేస్తరు."

"ఊర్ల రాసెటోళ్ళు ఎంతమంది ఉన్నరని?" అంది సాలవ్వ. సిద్ధిరాములు గోడ మీది మార్కండేయ స్వామి పటానికి కాపాడమని దండం పెట్టి బయలుదేరాడు. 

గడి అరుగు మీద దొర కూర్చుని ఉన్నాడు. ఆయనకు ఉర్దూ వచ్చు, తెలుగు చదవడం రాదు.

"చదువురా. ఒక్క ముక్క ఇడ్సిపెట్టకు."

సిద్ధిరాములు చదివాడు. పంట కోతల్లో వెట్టికి బండ్లు పట్టుకుపోతున్నారని, అడిగినవాళ్ళను గడిలో నిలబెడుతున్నారని తాను రాసిందే అచ్చయింది. సగం చదివాక కింది వాక్యం కంటపడి ఆగిపోయాడు.

అందులో మగ్గం మాట ఉంది. పత్రికల్లో నేతపని మాటలకు కొదవ లేదు. కుట్రలు అల్లారంటారు, కట్టుకథలు నేశారంటారు. మగ్గం ముఖం చూడనివాళ్ళు రాసినా ఎవరూ పట్టించుకోరు. కానీ ఈ వాక్యం అలాంటిది కాదు. నూలుకు గంజి పెట్టిన చేయి తప్ప మరో చేయి దీన్ని రాయలేదు. రాసేటప్పుడు ఆ సంగతి తోచలేదు.

"ఏమాయెరా?"

"అక్షరం అలుక్కపోయింది దొరా." అచ్చులో లేనిది, నోటికి వచ్చింది చదివేశాడు. "బరువెక్కువైన ఎద్దు ఊకెనే ఉన్నట్టు కనిపిస్తుంది. ఇంకా లాగమంటే కాడి పడేస్తుంది. వెట్టి జనం కూడా అంతే."

దొర నవ్వాడు. "బండి కట్టనోనికి ఈ మాట రాదు. మొన్న బండి పంపనని నసిగిందెవడు?"

"హన్మండ్లు" అన్నాడు జవాను.

"వానికి రాయరాదు దొరా" అన్నాడు సిద్ధిరాములు.

"చెప్పి రాపిచ్చిండు. తీస్కరా పో."

హన్మండ్లు పొలం నుంచి బురద కాళ్ళతోనే వచ్చాడు. సంగతి విని తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు.

"నా ఎద్దు సచ్చి నెలాయె దొరా. బండి పంప అన్నది గందుకే. లేని ఎద్దు గురించి నేనేం రాపిస్త?"

"నోరు లేసిందిరా వీనికి" అని దొర జవాను వైపు చూశాడు. జవాను లోపలికి వెళ్ళి చింత బరికె తెచ్చాడు.

సిద్ధిరాములు పత్రికలోకే చూస్తున్నాడు. అక్షరాలు ఎక్కడా అలుక్కుపోలేదు. ఊరుకుంటే ఇంటికి పోవచ్చు. సాలవ్వ ముఖం చూడవచ్చు. కాపాడమని మొక్కింది తనను ఒక్కణ్ణేనా? మొక్కినప్పుడు ఆ సంగతి స్వామికి విడమరిచి చెప్పలేదు.

బరికె లేచింది.

"తప్పు చదివిన దొరా" అన్నాడు. "ఎద్దు మాట గిండ్ల లేదు. మళ్ళ చదువుత."

వాక్యం కింద వేలు పెట్టి చదివాడు. "గంజి ఎక్కువ పట్టిన పోగు గట్టిగా కనిపిస్తుంది. మగ్గమెక్కి సాగదీస్తే పుటుక్కున తెగుతుంది. వెట్టి జనం కూడా అంతే."

జవాను బరికె దించాడు. దొర పత్రిక లాక్కుని, చదవలేని ఆ వాక్యాన్ని చూసి, సిద్ధిరాములు గంజి చేతుల వైపు చూశాడు.

"హన్మండ్లూ, నువ్వు పో."

హన్మండ్లు కదలలేదు. సిద్ధిరాములే అతని భుజం తట్టాడు. "పో అన్నా. మా ఇంట్ల చెప్పు. నా కోసం సూడకుండ తినుమను."

హన్మండ్లు బయటికి నడిచాడు. అతని వెనక జవాను గడి తలుపు మూస్తున్నాడు.