డీజిల్‌కు మున్నూరు

కారు ఇమ్మని తిరుపాల్ అడగలేదు. ఈ మాట ఆ తర్వాత ఎంతమందికి చెప్పుకున్నాడో లెక్కలేదు. విన్నవాళ్లు అవునవునని తల ఊపారు, ఊపి వాళ్ల పని వాళ్లు చూసుకున్నారు. అడగకపోయినా తీసుకుపోయింది అతనే, గోడకు కొట్టింది అతనే.

ఆ బుధవారం తెల్లారేసరికి అతని ఇంటి ముందు పట్టుగూళ్ల సంచులు కట్టిపెట్టి ఉన్నాయి. హిందూపురం మార్కెట్టుకు పోవాల్సిన లగేజీ ఆటో మాత్రం రాలేదు. గేరుబాక్సు పోయిందని డ్రైవరు ఫోన్లోనే చేతులెత్తేశాడు. పట్టుగూళ్లు ఇంట్లో దాచిపెట్టుకునే సరుకు కాదు. పైగా రెండు రోజులుగా ముసురు. తేమకు మెత్తబడ్డాయంటే రేటు సగానికి పడిపోతుంది, ఇంకో నాలుగు రోజులు ఆగితే లోపలి పురుగుకు రెక్కలొచ్చి గూటికి చిల్లు పెట్టుకుని బయటికొస్తుంది. తిరుపాల్ ఇంట్లోకీ వీధిలోకీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే ఎదురింటి చెన్నకేశవులు అరుగు మీంచి చూశాడు.

"ఏమప్పా, ఆటో రాలేదా? నా కారు తీస్కపో. ఈ పొద్దు బుధవారమే కదా."

బుధవారం కావడం ముఖ్యం. మంగళ, గురు, శనివారాలు ఆ కారు చెన్నకేశవులు భార్య గంగులమ్మది. రెండేళ్ల కిందట ఆమె కిడ్నీలు రెండూ పనిచేయడం మానేశాయి. వారానికి మూడుసార్లు పుట్టపర్తి ఆస్పత్రిలో నాలుగేసి గంటలు పడుకోబెట్టి రక్తం శుభ్రం చేస్తేనే ఆమె బతుకు. వీళ్ల పల్లె చూస్తే చెన్నేకొత్తపల్లికి అవతల, బస్సు ముఖం చూడని మూల. అందుకే చెన్నకేశవులు బోరెండిన రెండెకరాలు అమ్మి పాత తెల్లకారొకటి కొన్నాడు, అరవై ఏళ్ల వయసులో స్టీరింగు పట్టడం నేర్చుకున్నాడు. ఊళ్లో ఆయన్ని పిసినారి అనేవాళ్లు చాలామందే ఉన్నారు. అట్లాంటి కారు తాళంచెవి అడగకుండానే తీసి ఇచ్చిన మనిషిని ఏమనాలో వాళ్లే చెప్పాలి.

వెనకసీటు మడిచి ఆరు సంచులు పైకప్పు దాకా పేర్చారు. బయల్దేరబోతుండగా ఈరక్క ఇంకో రెండు సంచులతో వచ్చింది. మొగుడు పోయి పన్నెండేళ్లు, ఎకరం మల్బరీ పెట్టుకుని ఒక్కతే బతుకుతోంది. ఒకరింట్లో టీ తాగితే మర్నాడు ఆ ఇంటికి గుప్పెడు చింతపండైనా పంపకపోతే ఆమెకు నిద్రపట్టదు. ముందుసీట్లో కూర్చుని, ఒక సంచి కాళ్ల దగ్గర, ఒకటి ఒళ్లో పెట్టుకుని, కొంగుముడి విప్పి మూడు వందనోట్లు తిరుపాల్ చేతిలో పెట్టింది.

"ఎందుకు ఈరక్కా?"

"డీజిల్‌కు మున్నూరు. ఊరికే ఎక్కను నేను."

మొహమాటపడ్డాడు గానీ తీసుకున్నాడు. ఆటో వచ్చి ఉంటే ఆటోవాడికి ఇచ్చేదే ఇతనికిచ్చింది, ఆ పక్క పల్లెల్లో ఎవరి బండెక్కినా అంతే. పెనుకొండ బంకులో ఆ డబ్బుతోనే డీజిలు పోయించాడు.

బంకు దాటి రెండు కిలోమీటర్లు పోయాడో లేదో, సన్నటి వానలో ఒక లారీ లైట్లు లేకుండా దారిలో ఆగి ఉంది. కుడివైపుకు తిప్పాడు. అద్దంలో చూస్తే సంచులు తప్ప ఏమీ కనబడలేదు, వెనకనుంచి వస్తున్న బస్సు హారను మాత్రం చెవులు బద్దలయ్యేలా మోగింది. అదిరిపడి మళ్లీ ఎడమకు కోశాడు. కారు లారీ పక్కనుంచి దూసుకుపోయి కల్వర్టు గోడకు కొట్టుకుంది. కళ్లు తెరిచేసరికి ముందు అద్దం లేదు, ఒళ్లంతా గూళ్లు, పక్కన ఈరక్క భుజం పట్టుకుని "నా సంచి, నా సంచి" అంటోంది. భుజం ఎముక విరిగిందని పెనుకొండ ఆస్పత్రిలో చెప్పారు. తిరుపాల్‌కు నుదుటి మీద మూడు కుట్లు పడ్డాయి, అంతే. అంతటితో పోయినందుకు అతనికి చాలా రోజులు సిగ్గుగా ఉండింది.

రోడ్డు మీద ఏరుకున్న గూళ్లను మర్నాడు హిందూపురం తీసుకుపోతే కొనేవాడు వేళ్లతో నొక్కి చూసి ముఖం చిట్లించాడు. వాడు చెప్పిన రేటుకే ఇచ్చేసి వచ్చి, ఆ డబ్బు చెన్నకేశవులు ముందు పెట్టాడు. ఆయన దానివైపు చూడను కూడా చూడలేదు.

"ఎత్తుకో అబ్బా. కారుకు ఇన్సూరెన్సు ఉండాది. మనుషులు బాగుండారు, అది చాలు."

నాలుగో రోజు కంపెనీ తరఫున సర్వేయరు పెనుకొండలో కారు పెట్టిన షెడ్డుకు వచ్చాడు. మర్యాదస్తుడు. కారును నాలుగు వైపులా ఫొటోలు తీసి, సీట్లకు అంటుకున్న పట్టుపీచును గోటితో గిల్లి చూశాడు. చేతికి కట్టుతో బల్ల మీద కూర్చున్న ఈరక్కను పలకరించాడు.

"కారుగలాయన మీకు చుట్టమా అమ్మా? ఊరికే ఎక్కించుకున్నాడా?"

ఈరక్కకు ఎక్కడ తగలకూడదో అక్కడే తగిలింది.

"ఊరికే ఎందుకెక్కుతా నాయనా? నాకూ నా గూళ్లకూ కలిపి మున్నూరు ఇచ్చినా. ఊళ్లో ఎవర్నన్నా అడుగు, ఈరక్క ఒకరి సొమ్ము ఊరికే తినిందేమో."

అతను నవ్వి అది రాసుకున్నాడు. ఆమె నిబ్బరంగా సంతకం చేసింది. పక్కన నిలబడ్డ తిరుపాల్‌కు అందులో తప్పేమీ కనబడలేదు సరికదా, మా ఊరి మనుషులు ఇట్లాంటివాళ్లు అని లోపల కాస్త గర్వపడ్డాడు కూడా.

నెలన్నరకు డబ్బు రాదని కాగితం వచ్చింది. దాన్ని పట్టుకుని చెన్నకేశవులు, తిరుపాల్ ధర్మవరం ఆఫీసుకు పోయారు.

"ఇంటివాడకం కారని పాలసీ తీసుకున్నారు. మీరు సరుకునూ మనిషినీ బాడుగకు ఎక్కించారు. చెల్లదు" అన్నాడు ఆఫీసరు.

"బాడుగ కాదు సార్. డీజిల్‌కు ఇచ్చింది."

"పేరేదైతేనేం, డబ్బు తీసుకున్నారా లేదా?"

చెన్నకేశవులు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. కోర్టుకు పోవచ్చు, అయితే ఏళ్లు పడుతుందని ఆఫీసరే చెప్పాడు. ఏళ్లు గంగులమ్మ దగ్గర లేవు. బయటికి వస్తుంటే గుమాస్తా ఒకడు వరండాలోకి వచ్చి, ఆ ముసలామె డబ్బివ్వలేదని చెప్తే మళ్లీ అర్జీ పెట్టి చూడండి అని సలహా ఇచ్చాడు.

ఈ మాట ఈరక్కను అడగడానికి తిరుపాల్‌కు రెండు రోజులు పట్టింది.

"ఇయ్యలేదని చెప్పల్లా? ఊరికే ఎక్కినానని?" అందామె. కోసిన మల్బరీ ఆకు మోపు కట్టింది. "సరే, గంగులమ్మ కోసరం చెప్తా."

ధర్మవరం ఆఫీసులో నేల చూస్తూ చెప్పింది. "ఇయ్యలేదు సార్. ఊరికే ఎక్కినా." ఆఫీసరు కోప్పడలేదు. ఆమె మొదట సంతకం చేసిన కాగితం, సంచుల ఫొటోలు తీసి ముందర పరిచి, "ఇందులో దేన్ని నమ్మమంటావమ్మా?" అని మాత్రం అడిగాడు. పన్నెండేళ్లుగా ఒంటిగా కాపాడుకున్న మాటను ఆమె అక్కడ అందరి ముందు పారేసుకుంది, దానివల్ల ఎవరికీ చిల్లిగవ్వ మేలు జరగలేదు. తిరుగు బస్సులో తన టికెట్టు తనే కొనుక్కుంది. చెన్నేకొత్తపల్లిలో దిగి ఊరు చేరేదాకా తిరుపాల్‌తో ఒక్క మాట మాట్లాడలేదు.

కారు బాగు చేయించడానికి అయ్యేదాంట్లో ఇంకో పాత కారొస్తుందని షెడ్డువాడు తేల్చేశాడు. తనకున్న గొర్రెలన్నీ అమ్ముతానన్నాడు తిరుపాల్. అన్నీ అమ్మినా అందులో సగానికి రావని ఇద్దరికీ తెలుసు. కారు పోయినప్పటి నుంచీ గంగులమ్మను బాడుగ కార్లలో తీసుకుపోతున్న చెన్నకేశవులు దగ్గర ఇక అమ్మేదేమీ మిగల్లేదు. ఆయనకు బైకు నడపడం రాదు.

"కారు నేను పోగొట్టినా. చిన్నమ్మను నా బైకు మీద నేను తీస్కపోతా" అన్నాడు తిరుపాల్.

పోయేటప్పుడు ఫరవాలేదు. వచ్చేటప్పుడే కష్టం. రక్తం శుభ్రం చేశాక గంగులమ్మకు బీపీ పడిపోయి కళ్లు తిరిగేవి. ఆస్పత్రి ఆయా ఒక పాత పంచెతో ఆమెను తిరుపాల్ నడుముకు కలిపి కట్టి పంపేది. దారి పొడుగునా అతను "చిన్నమ్మా" అని పిలిచేవాడు, ఆమె వీపుకు తలానించి "ఊఁ" అనేది. ఒకసారి కొత్తచెరువు దగ్గర పిలిస్తే "ఊఁ" రాలేదు. బండాపి, ఆమెను ఒక అంగడి మెట్ల మీద పడుకోబెట్టి నీళ్లు చల్లేసరికి అతని పైప్రాణాలు పైనే పోయాయి. తేరుకున్నాక ఆమే అతన్ని ఓదార్చింది.

రెండు నెలలు ఇట్లా గడిచాయి. పట్టుపురుగులకు పూటపూటకూ ఆకు పడాలి. తిరుపాల్ భార్య శైలజ పొద్దున్నే రోడ్డు దాకా నడిచి గార్మెంట్స్ ఫ్యాక్టరీ బస్సెక్కితే చీకటి పడ్డాకే రావడం. వారానికి మూడు మధ్యాహ్నాలు పురుగులు పస్తున్నాయి. చివరికి రోగమొచ్చి, గూడు కట్టాల్సిన వారంలో తట్టలు తట్టలుగా చచ్చాయి. తిరుపాల్ వాటిని మోసుకుపోయి గుంతలో పోస్తుంటే గంగులమ్మ తన అరుగు మీద కూర్చుని చూస్తూ ఉంది.

మర్నాడు గురువారం. తెల్లవారుజామున బండి తీసుకుని వచ్చేసరికి ఆమె తయారై గేటు దగ్గర నిలబడి ఉంది. ఎక్కలేదు. చెయ్యి చాపింది. చేతిలో మూడు వందనోట్లు.

"పెట్రోలుకు పెట్టుకో."

ఆ నోట్లను చూసి తిరుపాల్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఏంది చిన్నమ్మా ఇది? నా బండికి మీరు దుడ్లు ఇచ్చేదేంది?"

"నీ పురుగులు నావల్ల సచ్చిపాయె. ఇంక ఊరికే ఎట్ల ఎక్కేది?"

"కారు పోగొట్టినోన్ని నేను. మీ దగ్గర దుడ్లు తీసుకుంటే నన్ను మనిషంటారా?"

"తీసుకుంటే ఎక్కుతా. లేకుంటే లేదబ్బా."

చెన్నకేశవులు ఇద్దరినీ బతిమాలాడు. తీసుకుని, సాయంత్రం ఆయన చేతిలో మళ్లీ పెట్టేయొచ్చని తిరుపాల్‌కు తట్టలేదు. ఆ మూడు నోట్లంటే అతనికి అంత భయం. వట్టినే బెదిరిస్తోంది, ప్రాణం మీదికొస్తే ఎవరైనా ఎక్కుతారు అనుకుని, ఇంజను ఆపకుండా పావుగంట నిలబడ్డాడు. గంగులమ్మ నోట్లు మడిచి కొంగున కట్టుకుని, బాడుగ కారు పిలవబోయిన మొగుణ్ని ఒక్కసారికేం కాదులే అని ఆపి లోపలికి పోయింది.

"శనివారం వస్తా. తయారుగా ఉండు" అని కోపంగా అరిచి బండి తిప్పుకున్నాడు.

శనివారం వచ్చేసరికి ఆమె కాళ్లు ముఖం ఉబ్బిపోయి, ఊపిరందక మంచం పట్టుకుని ఉంది. బైకు మీద కూర్చునే మనిషి కాదు. చెన్నేకొత్తపల్లి నుంచి బాడుగ కారు వచ్చేసరికి గంట పట్టింది. తిరుపాల్ వెనకే బైకు మీద పోయాడు. కొత్తచెరువు ఇంకా రాకముందే కారు పక్కకు ఆగింది, డ్రైవరు దిగి దూరంగా పోయి నిలబడ్డాడు. చెన్నకేశవులు ఏడుపు రోడ్డు మీదికి వినబడింది.

మట్టి చేసి వచ్చాక తిరుపాల్ తన గుమ్మంలో కూలబడ్డాడు. ఈరక్క వచ్చి పక్కన కూర్చుంది. ధర్మవరం నుంచి వచ్చినప్పటి నుంచీ ఆమె అతని గడప తొక్కడం అదే మొదటిసారి. భుజం సరిగా అతకలేదు, ఆ చెయ్యి ఒళ్లోనే పెట్టుకుంది.

"గురువారం ఎందుకు పోలేదంట?"

చెప్పాడు. నోట్ల సంగతి, తను వెనక్కి తగ్గిన సంగతి, అరిచిన సంగతి ఏదీ దాచకుండా చెప్పాడు. ఈరక్క విని ఎదురింటి వైపు చూసింది.

"ఆ మున్నూరు తీసుకునింటే ఎక్కుండే కదప్పా" అంది.