ఇవ్వకూడని మొక్క

నెల్లితోపులో ఆ సందు వాళ్లందరికీ పాప్పా ఇంటి కరివేపాకు తెలుసు. ఆమె తిరగమోత వేస్తే వాసన సందు మొగదాకా వచ్చేది. రాకపోయినా తెలిసేదే, తన చెట్టు సంగతి నలుగురికీ చెప్పకుండా ఉండే మనిషి కాదామె. పెరడంటే ఎంతని, రెండు మంచాలు వేస్తే నిండిపోయే జాగా. అందులోనే వంగ, మిరప, తోటకూర, కుళాయి కింద తడిలో పుదీనా, గోడ వారగా పిల్లల దగ్గుకు కర్పూరవల్లి. వాటన్నిటి మీదా పెత్తనం చేస్తున్నట్టు మూలన కరివేపాకు చెట్టు. పొద్దున లేచి పాప్పా మొదట పలకరించేది వీటినే. బియ్యం కడిగిన నీళ్లు వంగకు, పులిసిన మజ్జిగ కరివేపాకుకు. లైన్‌మన్ ఉద్యోగానికి పోయే మొగుడు తిరుమలై అన్నంలోకి మజ్జిగ అడిగితే మాత్రం అయిపోయిందనేది.

ఆ చెట్టును నాటింది పాప్పా అత్తగారు. నాటింది అనేకంటే దొంగిలించింది అనడం న్యాయం. మురుంగపాక్కంలో ఒకరింటికి పెళ్లికి పోయి, భోజనాలయ్యాక చేతులు కడుక్కునే నెపంతో పెరట్లోకి వెళ్లి, ఒక పిలకను వేరుతో సహా పెరికి, కొంగులో మూటగట్టి టౌన్ బస్సెక్కింది. దాన్ని ఆమె ఎన్నడూ దాచుకోలేదు, గొప్పగానే చెప్పుకునేది. కరివేపాకు మొక్కను చేత్తో ఇవ్వకూడదు. ఇస్తే ఇచ్చినవాళ్ల చెట్టు ఎండుతుంది, పుచ్చుకున్నవాళ్ల మొక్క నిలవదు. దొంగిలించిందే బతుకుతుంది. కాబట్టి ఎవరైనా అడిగితే ఇంటావిడ ఇవ్వనని చెప్పి, మొహం తిప్పుకొని, ఏదో పనిలో పడినట్టు కూర్చోవాలి. అడిగినావిడ పెరుక్కుపోవాలి. పాప్పా కాపురానికి వచ్చిన కొత్తలోనే అత్త ఇదంతా నేర్పింది. పాప్పాకు అది ఊపిరి తీసుకున్నంత మామూలు విషయం అయిపోయింది, లోకంలో అందరికీ తెలిసిందే అనుకుంది.

ఇప్పుడు ఆ చెట్టుకు గండం వచ్చింది. కొడుకు గురు పైన ఇంకో అంతస్తు వేయిస్తున్నాడు. స్తంభానికి తవ్వాల్సిన గొయ్యి సరిగ్గా ఆ మూలనే పడింది. మేస్త్రి సోమవారం వస్తానన్నాడు. ఆ తర్వాత పెరడంతా సిమెంటే.

"మేడ మీద తొట్లు పెట్టుకో అమ్మా. అన్నీ ఆడనే పెంచుకోవచ్చు," అన్నాడు గురు.

"వంగ వస్తాది, మిరప వస్తాది. ఇది రాదురా. దీనికి నేల కావాల."

"సుమ్మా, ఊరికే ఒకసారి పెట్టి చూడు."

పెట్టి చూసింది. రెండు పిలకలు తీసి తొట్లలో వేస్తే రెండూ తలలు వాల్చేశాయి. తన చెట్టును తానే దొంగిలించుకోవడం కుదరదు గదా అని పాప్పాకు ముందే అనుమానం, అయినా ప్రాణం ఒప్పక చేసింది. ఇక గోడ పక్కన ఒకే ఒక్క పిలక మిగిలింది. అది కూడా పోతే అత్త చెట్టు ఈ భూమ్మీద లేనట్టే. సందంతా వాకిళ్ల దాకా సిమెంటు పరిచేసుకున్నారు. మట్టి మిగిలిన పెరడు ఒక్కటే ఉంది, పక్కింటి కన్యకాపరమేశ్వరిది. చిక్కంతా అక్కడే వచ్చింది.

పరమేశ్వరి మొగుడు సీతాపతికి పెద్ద మార్కెట్లో కిరాణా కొట్టు ఉంది. ఆమె పుట్టింటి వాళ్లదీ వ్యాపారమే. వాళ్లు ఆ ఇంట్లోకి వచ్చిన కొత్తలో పాప్పాకు పండగలా ఉండేది. చుట్టూ అరవమే వినిపించే ఆ సందులో, గోడ మీదుగా తెలుగులో మాట్లాడుకోవడానికి ఒక మనిషి దొరికింది. ఇటునుంచి పుదీనా పోయేది, అటునుంచి పొట్లకాయ వచ్చేది. అలాంటి రోజుల్లో ఒక పొద్దున పరమేశ్వరి పెరట్లోకి వచ్చి, ఒక పిలక ఇస్తావా అక్కా అని నోరు తెరిచి అడిగింది. పాప్పాకు ఎంత సంతోషమైందో. "ఇయ్యను," అంది వెంటనే. అని, గిర్రున వెనక్కి తిరిగి, చేటలో కందిపప్పు పోసుకొని రాళ్లు ఏరుతూ కూర్చుంది. రాళ్లు లేని పప్పు. మెడ పట్టేసేదాకా అట్లాగే కూర్చొని తిరిగి చూస్తే మనిషి లేదు, పిలక ఉన్నచోటనే ఉంది. ఆ మర్నాడు పక్కింటికి నర్సరీ నుంచి నల్ల సంచిలో కరివేపాకు మొక్క వచ్చింది.

నా చెట్టు దీనికి పనికిరాలేదన్నమాట, అనుకుంది పాప్పా. పుదీనా ఆగిపోయింది, పొట్లకాయా ఆగిపోయింది. ఎదురుపడితే బాగుండావా అంటే బాగుండా అనుకోవడం, అంతే. ఏళ్లు గడిచిపోయాయి. ఎందుకు తీసుకుపోలేదు అని ఒక్క మాట అడిగి ఉంటే తేలిపోయేది. కానీ ఒకరు అలిగాక రెండో వాళ్లు అడగాలి అనేది మనవాళ్లు ప్రాణం పోయినా తప్పని నియమం, పైగా ఇక్కడ అలిగింది ఇద్దరూ.

శనివారం మధ్యాహ్నం పాప్పా ఒక పన్నాగం పన్నింది. రెండు పెరళ్లూ వెనక సందులోకే తెరుచుకుంటాయి, పరమేశ్వరి ఆ వేళకు ఆ దారినే వస్తుంది. పాప్పా పిలక మొదట్లో నీళ్లు పోసి మట్టి వదులు చేసింది. పక్కనే చిన్న పార పెట్టింది. వెనక తలుపు బార్లా తీసి, ముక్కాలిపీట మీద గోడకు మొహం పెట్టి మునగాకు దూస్తూ కూర్చుంది. అడుగుల చప్పుడు వచ్చింది. తలుపు దగ్గర ఆగింది. పాప్పా ఊపిరి బిగబట్టింది. కిర్రుమని తలుపు మూసిన చప్పుడు, పైనుంచి చెయ్యి పెట్టి గడె వేసిన చప్పుడు.

"కుక్కలు దూరతాయి," అని సందులో ఎవరికో చెప్పినట్టు పరమేశ్వరి గొంతు వినిపించింది.

ఇంత మంచి మనిషిని పట్టుకొని దొంగను చేయడం ఎట్లా అని పాప్పా తల పట్టుకుంది. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ రాత్రి తిరుమలైకి చెబితే, పోయి చెప్పుకోక ఈ నాటకాలు ఏంది అన్నాడు. మొగవాళ్లకు అన్నీ సులువే.

అయినా ఆదివారం పొద్దున పాప్పా పక్కింటి మెట్లెక్కింది. పరమేశ్వరి వరండాలో మిరపకాయల తొడిమలు తీస్తోంది. చూసి, పీట జరిపి, "దా అక్కా," అంది.

"ఆ పొద్దు నువ్వు పిలక అడిగినావు. గుర్తుండాదా?"

"లేకేం. ఇయ్యనంటివి. మొహం గూడా తిప్పుకుంటివి."

"మరి తీసుకపోలేదేంది?"

పరమేశ్వరి చేతిలో మిరపకాయ ఆగిపోయింది. "ఇయ్యనన్న దాన్ని ఎట్ల తీసుకపోతారక్కా? ఆ పొద్దు ఇంటికొచ్చి ఏడ్చినాను. ఒక పిలకకు గూడా తగనా నేను అని."

పాప్పా మెట్టు మీదే చతికిలబడింది. అత్త చెప్పిందంతా చెప్పుకొచ్చింది. ఇవ్వకూడదని, దొంగిలించాలని, ఇవ్వననడమే తీసుకుపొమ్మనడమని. "చేత్తో ఇస్తే నీ ఇంట్లో అది చచ్చిపోతాదే. అందుకని ఇయ్యనంటి. నీకు తెలుసనుకున్నా."

"మా నాయినకు ఇట్లాంటివి తెలీవక్కా. పక్క అంగడి ముందర పడుండే చింతపండు తునక నోట్లో వేసుకున్నానని నన్ను చేయి పట్టుకొని తీసుకపోయి తప్పయిందని చెప్పించినాడు. నాకు అడగడమే తెలుసు."

"నేనేమో నా చెట్టు నీ కంటికి ఆనలేదనుకున్నా. కొని తెచ్చుకుంటివి గదా."

"అది చచ్చిపోయింది. నెల గూడా ఉండలేదు."

"కొన్నది గదా," అంది పాప్పా. ఆ గొంతులో తృప్తిని దాచుకోలేకపోయింది. పరమేశ్వరి అది కనిపెట్టి నవ్వింది. ఆ నవ్వు చూసేసరికి పాప్పాకు ఇన్నేళ్లూ ఊరికే పోయాయే అనిపించింది.

వెళ్లేముందు లేచి నిలబడి గట్టిగా చెప్పింది. "రేపు మేస్త్రి వస్తాడు. ఒక్క పిలక మిగిలుండాది. అడిగినా నేనియ్యను. సాయంత్రం తలుపుకు గడె పెట్టను. నువ్వు గూడా పెట్టొద్దు."

సాయంత్రం పాప్పా మళ్లీ గోడకు మొహం పెట్టి కూర్చుంది. తలుపు దగ్గర చాలాసేపు తచ్చాడిన చప్పుడు.

"అక్కా," అని గుసగుస.

"ఈడ ఎవురూ లేరు," అంది పాప్పా గోడతో.

పార మట్టిలో దిగింది. వేరు తెగిన చిన్న చప్పుడు పాప్పాకు వీపులో తెలిసింది. తర్వాత గాజులు గలగలమంటూ పరుగు. ఆ పరుగు మధ్యలో ఆగి, వెనక్కి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, మళ్లీ పరుగు. పాప్పా ఇటు తిరిగింది. గోడ పక్కన తడి గుంట ఒకటి మిగిలింది. కళ్లనీళ్లు జారిపోతుంటే తుడుచుకోలేదు.

సోమవారం చెట్టు కొట్టేశారు. పాప్పా వంటింట్లోంచి బయటికి రాలేదు. సందులో వాళ్లంతా కొమ్మలు తీసుకుపోయారు, రెండు రోజులు ప్రతి ఇంట్లోనూ అదే వాసన. వంగ, మిరప, పుదీనా మేడ మీద తొట్లలోకి మారాయి. మూలన స్తంభం లేచింది. పొద్దున్నే మేడ మీద తొట్లకు నీళ్లు పోసేటప్పుడు అక్కడినుంచి పక్కింటి పెరడు కనిపించేది. దొంగ మొక్క మొదట ఆకులన్నీ రాల్చుకొని పుల్లలా నిలబడింది. పాప్పా రోజూ చూసేది. పులిసిన మజ్జిగ మాత్రం గోడ దాటి పోయేది. వానలు పడ్డాక పుల్ల మొన మీద ఎర్రటి చిగురు కనిపించింది. ఆ పూట తిరుమలైకి అన్నంలోకి మజ్జిగ దొరికింది.

మార్గళి నెల వచ్చింది, ధనుర్మాసపు చలి మొదలైంది. ఒక పొద్దున పాప్పా చారు తిరగమోతకు ఆవాలు వేసి, ఆకు కోసం చూస్తే డబ్బా ఖాళీ. ఉన్నా ఏం లాభం, కూరల బండివాడు కొసరుగా పడేసే ఆకుకు పేరే గాని వాసన లేదు. పెరట్లోకి అడుగు వేయబోయి, సిమెంటు గుర్తొచ్చి ఆగిపోయింది. అడగడానికి గోడ దగ్గరికి పోదామా అనుకుంది. లేత మొక్క, అడిగితే పరమేశ్వరి పాపం కాదనలేక తుంచి ఇస్తుంది, ఎందుకులే అనుకుంది.

అంతలో గోడ అవతలినుంచి పరమేశ్వరి గొంతు, సందంతా వినేలా, ఎవరితోనో కాదు, గాలితో. "నా కరేపాకు ఏపుగా వచ్చుండాది. తల తుంచితే గాని కొమ్మలు వెయ్యదు. అయినా ఎవురడిగినా ఒక రెమ్మ గూడా ఇయ్యను. ముందే చెప్తాండా."

పాప్పా పొయ్యి కట్టేసి వెనక సందులోకి నడిచింది. పక్కింటి తలుపుకు గడె లేదు. పెరట్లో పరమేశ్వరి ముక్కాలిపీట మీద గోడకు మొహం పెట్టి, చేటలో పప్పు పోసుకొని రాళ్లు ఏరుతోంది. మెడ బిర్రుగా పట్టుకొని ఉంది. పాప్పా చప్పుడు కాకుండా పోయి చెట్టు తల దగ్గర ఒక్క రెమ్మ తుంచుకుంది. వేళ్లకు అత్త చెట్టు వాసన అంటుకుంది. వచ్చేటప్పుడు, కుక్కలు దూరకుండా, తలుపు వేసి గడె పెట్టింది.