ట్రెవా బోనులో పడని పొసమ్

పొసమ్‌ను, అంటే పిల్లి అంత ఉండి కోళ్ల గుడ్లు కాజేసే ఆ అడవి జంతువును, వదిలిపెట్టడం ఏమంత తేలిక కాదు. బోను తలుపు ఎత్తినంత మాత్రాన అది కదలదు. నోరు తెరిచి, నాలుక వేలాడేసి, చచ్చినట్టు పడి ఉంటుంది. పైగా కంపొకటి. ట్రెవా మాడక్స్ తెల్లవారుతూనే చనిపోయిన భర్త కోటు తొడుక్కుని పెరట్లోకి వచ్చి, "లేవే మహాతల్లీ, నాటకాలు చాలు" అని బోనును కాలితో తట్టేది. ఎంతకో దానికి ప్రాణం లేచొచ్చేది. ముందు చెవి కదిలేది, తర్వాత ముక్కు. ఆపైన ఎలుక మూతి పైకెత్తి ఈవిడను ఎగాదిగా చూసి, కడుపు సంచిలోని పిల్లల బరువుతో ఈడ్చుకుంటూ కంచె కింద దూరి పోయేది. ట్రెవా బోను తలుపు మళ్ళీ ఎత్తిపెట్టి, గబగబా లోపలికెళ్ళి తల దువ్వుకునేది. వెండెల్ వచ్చే వేళయ్యేది మరి.

ఆ బోను వెండెల్‌దే. టౌనులో దాణా మిల్లులో పనిచేస్తాడు. చలికాలం చివర్లో కోళ్ల దాణా కొనడానికి వెళ్ళిన ట్రెవా, గుడ్లు మాయమవుతున్నాయని మొరపెట్టుకుంటే, మర్నాడే బోను తెచ్చి, సార్డిన్ చేపల డబ్బా ఒకటి లోపల పెట్టి వెళ్ళాడు. బోను పెట్టినవాడే పొద్దున్నే వచ్చి చూసుకోవాలి. లోపల పడ్డ జంతువును ఎండలో మాడ్చకూడదు. ఆ ఓజార్క్ కొండల్లో తాగుబోతు కూడా తప్పని నియమం అది. అందుకని వెండెల్ రోజూ మిల్లుకు వెళ్ళే ముందు పికప్ బండి ఆమె గేటు దగ్గర ఆపేవాడు. బోను చూసేవాడు. టోపీ తీసి వంటింటి మెట్ల మీద కూర్చునేవాడు. ట్రెవా కాఫీ, వేడి బిస్కెట్ రొట్టెలు, సాసేజ్ గ్రేవీ తెచ్చేది. అరగంట లోకాభిరామాయణం.

ఆ అరగంట కోసమే ఆమె బతుకుతోంది. ఈ మాట పైకి అనడానికి ఆమెకు సిగ్గేమో గానీ చెప్పడానికి నాకేం సిగ్గు? భర్త రాయిస్ పోయాక ఆ ఇంట్లో మాటన్నది లేదు. ఆదివారం చర్చిలో మొదటి పాట అందుకుంటే గొంతు బొంగురుపోయేది, వారమంతా వాడకపోవడం వల్ల. పోనీ ఎవరినైనా రమ్మందామా అంటే, పని లేకుండా ఒంటరి మగవాడి బండి విధవరాలి గేటు ముందు ఆగితే, మధ్యాహ్నానికల్లా కొట్టు దగ్గర అందరి నోళ్ళలో నానుతుంది. పని ఉంటే ఎవరూ ఏమీ అనరు. బోను ఒక పని. పొసమ్ దొరికిన రోజున ఆ పని అయిపోతుంది.

అందుకే మొదటిసారి అది బోనులో కనబడిన పొద్దున, ట్రెవా ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా తలుపెత్తేసింది.

చర్చిలో పక్కన కూర్చునే నెల్డా ఊరుకునే రకం కాదు.

"ఏమే, ఆ పొసమ్ ఇంకా దొరకలేదా?"

"లేదు. మహా తెలివైంది."

"దానికెన్ని కాళ్ళే? నాలుగా, రెండా?"

"నోర్ముయ్, పాస్టర్ గారు చూస్తున్నారు," అంది ట్రెవా. ఆమె చెవులు మాత్రం వేడెక్కాయి. కోపంతో కాదు.

ఏప్రిల్‌లో వెండెల్ ఒక టోపీ నిండా గుడ్లు తెచ్చాడు. వాళ్ళమ్మ బతికినన్నాళ్ళూ పెంచిన చుక్కల కోళ్ల గుడ్లవి.

"ఆ జాతి ఇంకెవరి దగ్గరా లేదు మిస్ ట్రెవా. నా దగ్గర మిగిలింది రెండు ముసలి పెట్టలూ, ఒక పుంజూ. ఆ పెట్టలకి పొదగడం చేతకాదు. మీ పసుపు పెట్ట ఎలాగూ గూట్లోంచి లేవనంటోంది కదా, దాని కింద పెడతారా?" విధవరాలినైనా మర్యాదకు మిస్ అనడం అక్కడి వాడుక.

"తేవోయ్, దానికి పని దొరుకుతుంది."

"పిల్లలు లేచాక సగం మీరే ఉంచుకోండి."

పసుపు పెట్ట రెక్కలు పరిచి ఆ గుడ్లన్నిటినీ కప్పేసుకుంది. ఇంక పొసమ్‌ను వదలకూడదని ట్రెవాకు తెలుసు. గూటి తలుపు కింద సందుకు ఒక చెక్క అడ్డం పెట్టి, దానికి రాయి ఆనించింది. అది పాపం పురుగూ పుట్రా తినే జీవి, సార్డిన్లు దొరుకుతుంటే గుడ్ల జోలికి ఎందుకొస్తుందని తనకు తానే నచ్చజెప్పుకుంది. మర్నాడు దాన్ని మళ్ళీ వదిలింది. ఆ మర్నాడు కూడా.

గుడ్లు చిట్లే రోజు దగ్గరపడింది. ఆ పొద్దున అది బోనులోనే ఉంది. మామూలుగానే చచ్చిపడి ఉంది. ట్రెవా తట్టింది, బతిమాలింది, తిట్టింది. చెవి కూడా కదల్లేదు. విసుగెత్తి బోనును ఒరగదీసి దాన్ని గడ్డి మీదికి దొర్లించింది. అప్పటికీ కదల్లేదు. ఇంతలో గేటు చప్పుడైంది. పిల్లలు లేచాయేమో చూద్దామని వెండెల్ ముందుగానే వచ్చాడు.

రాత్రి గౌను మీద మొగుడి కోటు, చేతిలో ఖాళీ బోను, కాళ్ల దగ్గర పొసమ్. ఇంక దాచడానికేముంది? వెండెల్ దగ్గరికి వచ్చి వంగాడు. తోక పట్టుకుని పొసమ్‌ను బోనులో వేసి తలుపు దించాడు. తిన్నగా కోళ్ల గూటి వైపు నడిచాడు.

చెక్క పక్కకు తోసేసి ఉంది. పసుపు పెట్ట గూట్లోనే ఉంది, తల లేదు. చుట్టూ పెంకులు. కొన్ని పెంకులకు తడి ఈకలు అంటుకుని ఉన్నాయి.

వెండెల్ ఒక పెంకు చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"నాకు ముందే తెలుసు మిస్ ట్రెవా," అన్నాడు. "బోను తీగలకు బొచ్చు అంటుకుని ఉండేది. పొసమ్ తనంతట తాను తలుపు తీసుకుని పోలేదు కదా."

"మరి అనలేదేం?"

"పిల్లల తల్లి కదా, మీకు జాలేసిందేమో అనుకున్నా. మీది మెత్తటి మనసు. పోన్లే అని ఊరుకున్నా. తప్పు నాదే. ఇట్లా అవుతుందని అప్పుడే చెప్పాల్సింది."

అతను తిట్టి ఉంటే బాగుండేది. తిడితే ఏడ్చేది, ఏడిస్తే అసలు మాట బయటికొచ్చేది. అతను తప్పు తన మీద వేసుకున్నాడు, అదీ ఆమెకు లేని మంచితనాన్ని ఆమెకు అంటగట్టి.

వెండెల్ టోపీ తీసి, అంచు పట్టుకుని తిప్పుతూ నిలబడ్డాడు. వెళ్ళలేదు.

"జాలే కదా?" అన్నాడు, టోపీ వైపే చూస్తూ. "ఇంకేం కాదు కదా?"

అరవై ఏళ్లు దాటిన ట్రెవాకు మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. వాళ్ళమ్మ కోళ్లను పొట్టన పెట్టుకుని, ఇప్పుడు ఆ పెంకుల పక్కన నిలబడి, నువ్వు రావాలని చేశానని ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

"జాలే," అంది. "పిల్లల తల్లి కదా. ఇంకేముంటుంది?"

"అంతేలెండి." అతను టోపీ పెట్టుకున్నాడు. "దీన్ని నది అవతల వదిలేస్తాను, ఇంక మీ జోలికి రాదు. నేనూ రోజూ పొద్దున్నే వచ్చి మిమ్మల్ని ఇబ్బంది పెట్టక్కర్లేదు."

"ఇబ్బందేముంది," అంది ట్రెవా, అతనికి వినబడనంత మెల్లగా.

బోనును బండి వెనక పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆమె పసుపు పెట్టను కంచె పక్కన పాతిపెట్టింది.

మర్నాడు పొద్దున ఇద్దరికి సరిపడా రొట్టెలు కాల్చింది. చేతికి అలవాటైపోయింది. పికప్ చప్పుడు వినబడి, తువాలుతో చేతులు తుడుచుకుంటూ గేటు దాకా వచ్చింది. మలుపు దగ్గర అందరి బండ్లూ నెమ్మదిస్తాయి, వెండెల్ బండీ నెమ్మదించింది. ఎదురుపడ్డ ఎవరికైనా ఎత్తినట్టే స్టీరింగు మీది నుంచి రెండు వేళ్లు ఎత్తాడు. ఆమె చెయ్యి ఊపింది. బండి మలుపు తిరిగి మిల్లు వైపు పోయింది.

దుమ్ము పూర్తిగా అణిగాక, "పొసమ్ కోసం కాదు, వెండెల్," అంది ట్రెవా. గొంతు బొంగురుగా వచ్చింది. సరిగా పలకలేదేమోనని, రోడ్డు వైపు చూస్తూ ఇంకోసారి గట్టిగా అంది.