ఆషాఢానికి అందని షవర్

నిజామాబాద్ నుంచి తెల్ల టైల్స్ దిగిన రోజున రాధాకుమారి వాటిలో ఒకదాన్ని చీరకొంగుతో తుడిచి, తన బొట్టు అందులో కనబడుతుందో లేదో చూసుకుంది. కనబడింది. పెళ్లయి రెండు నెలలు. బాన్సువాడలో అత్తవారింటి స్నానాలగదికి షవర్ పెట్టిస్తానని భర్త హరనాథబాబు అన్నప్పటి నుంచి ఆమెకు కాలు ఒకచోట నిలవడం లేదు. బీయస్సీ చదివిన మూడేళ్లూ హాస్టల్‌లో షవర్ ఉండేది గానీ, అందులోంచి ఒక్కనాడూ చుక్క రాలలేదు.

గడువు మాత్రం తక్కువ. సోమవారం నుంచి ఆషాఢం. కొత్త కోడలు, అత్తగారు ఆ నెలంతా ఒకే గడప దాటకూడదు కాబట్టి, ఆదివారం సాయంత్రం ఆమె రుద్రూర్‌లోని పుట్టింటికి వెళ్లాలి. ఈలోగా ఒక్కసారైనా ఆ షవర్ కింద నిలబడాలని ఆమె కోరిక.

బుధవారం పొద్దున మేస్త్రి పోచన్న వచ్చి, గోడ నిలువుగా ఉందో లేదో చూడడానికి షవర్ గొట్టం పక్కగా దారానికి కట్టిన ఇత్తడి గుండును పైనుంచి వదిలాడు. దారం నడుమ గోడకు ఆనుకుంది. కింద గుండు మాత్రం గోడకు రెండు వేళ్ల ఎడంగా ఊగింది. రాయీ మట్టీ పెట్టి ఎప్పుడో కట్టిన గోడకు పొట్ట వచ్చింది. పాత సున్నమంతా రాల్చి, ఉబ్బును ఉలితో చెక్కి, గుంటలు సిమెంటుతో నింపి, వారం రోజులు తడిపాకే టైల్స్ పెట్టాలన్నాడు పోచన్న.

వారం అన్న మాట వినగానే హరనాథబాబు భార్య మొహం చూశాడు. గోడ జోలికి పోకుండా సిమెంటే కాస్త మందంగా వేసి, శనివారానికల్లా అంటించేయమని మేస్త్రిని బతిమాలాడు.

"పెట్టుమంటే పెడ్త సార్. బిచ్కుందల ఒకాయన గిట్లనే తొందరవెట్టిండు. ఆర్నెల్లకు సబ్బు అందుకుందామని గోడకు చెయ్యి ఆనిస్తే, టైలే చేతులకొచ్చింది. ఇగ మీ ఇష్టం."

రాధకు నవ్వాగలేదు. పోచన్న ఒక టైల్‌ను ఉబ్బు మీద ఆనించి చూపించాడు. ఆమె మూల మీద వేలు పెట్టగానే అది టకటక ఊగింది. శనివారం తల మీద పడబోయే నీళ్లు ఒక్క క్షణం ఆమెను లాగాయి. కానీ ఏళ్ల తరబడి కాపురం చేయాల్సింది ఈ గోడతోనే.

"చెక్కు పోచన్నా," అంది.

"మరి నీ షవరో?" అన్నాడు హరనాథబాబు.

"శ్రావణంలో చేస్తానండీ. నేనొచ్చేదాకా ఎవరూ తిప్పకూడదు, అంతే."

రెండు రోజులు ఉలి చప్పుడుతో ఇల్లు దద్దరిల్లింది. శుక్రవారం సిమెంటు పూత సాపు చేసి, టైల్‌కు పట్టు దొరకాలని పచ్చి మీదే తాపీ మొనతో గీతలు గీశాడు పోచన్న. రాధ ఒక పుల్ల తెచ్చి, మూలన తన పేరులో మొదటి అక్షరం, పక్కనే భర్త పేరులోది రాస్తూ దొరికిపోయింది.

"రాయి చిన్నమ్మ, గీతలే గద," అన్నాడు పోచన్న నవ్వు దాచుకుంటూ.

శని, ఆదివారాల్లో గోడ తడిపే పని ఆమే తీసుకుంది. చెంబుతో కొట్టిన నీళ్లు సగం వెనక్కి చిమ్మి ఆమె మీదే పడేవి. ఆ పని ఆమెకు భలే నచ్చింది. బస్సెక్కే ముందు, పూటపూటా తడపమని భర్తకు నాలుగుసార్లు చెప్పింది.

ఆమె వెళ్లిన పన్నెండో రోజున రుద్రూర్‌కు ఉత్తరం వచ్చింది. టైల్స్ పెట్టడం అయిపోయిందనీ, గుండు వేసి చూస్తే దారం ఎక్కడా గోడను తాకలేదనీ, తాను మాట తప్పకుండా బావి దగ్గరే పోసుకుంటున్నాననీ హరనాథబాబు రాశాడు. కింద ఇలా ఉంది:

"అమ్మ మాత్రం, కోడలొచ్చేలోపు గోడ నిలుస్తుందో లేదో చూడొద్దా అంటూ లోపలికెళ్లి తలుపేసుకుంది. ఇప్పటికి ముప్పావుగంట."

రాధ పకపకా నవ్వింది. అత్తయ్యగారికి నీళ్లు చాలకపోతాయేమో, టాంకు నిండుగా ఉంచమని జవాబు రాయడానికి కార్డు తీసింది.