ఆదివారం ఊళ్ళు

కొత్త ఊరికి వచ్చాక వాళ్ళిద్దరికీ ఆదివారం గడవడం గగనమైపోయింది. మిగతా రోజుల్లో అతనికి పని ఉంటుంది. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో మెకానిక్కు. పొద్దున సంచీ భుజాన వేసుకుని బయల్దేరితే, ఏ భవనంలో ఏ అంతస్తు దగ్గర ఎవరు ఇరుక్కుపోయారో చూసుకుంటూ సాయంత్రం దాకా తిరుగుతాడు. అతని అత్తగారికి వంట ఉంటుంది, ఉతుకు ఉంటుంది, బాల్కనీలోంచి చూడ్డానికి ఎదురింటి గోడ ఉంటుంది. ఆదివారం మాత్రం ఇద్దరూ ఇంట్లోనే. ఆ రెండు గదుల్లో ఒకరికొకరు అడ్డం రాకుండా మసలడమే ఒక పని.

అతని భార్య పోయి ఏడాది దాటింది. పాత ఊళ్ళో ఏ సందు మొదట్లో నిలబడినా ఆమె ఎదురొస్తున్నట్టే ఉండేది. ఇక తట్టుకోలేక బదిలీ అడిగి తెచ్చుకున్నాడు. "మరి మీరేం చేస్తారత్తయ్యా?" అని అడిగితే, "చేసేదేముంది, నీతో వస్తాను" అంది ఆవిడ. కూతురి పెళ్ళయిన కొత్తల్లోనే తన భర్త పోవడంతో అప్పట్నుంచీ వాళ్ళ దగ్గరే ఉంటోంది. ఆవిడకి ఇంకెవరూ లేరు. అతనికీ అంతే.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. మనిషిని చూడకుండా గొంతు వినే, వాడికి జ్వరమో అబద్ధమో చెప్పేస్తుంది. ముక్కూ మొహం తెలియనివాళ్ళతోనైనా రెండు నిమిషాల్లో మాట కలుపుతుంది. కూతురు "మా ఎక్స్ఛేంజి" అని ఏడిపించేది. అలాంటి మనిషి కొత్త ఊళ్ళో కుక్కర్‌తో తప్ప ఎవరితోనూ మాట్లాడకుండా రోజులు గడుపుతుంటే అతనికి మనసులో పీకుతూనే ఉండేది. కానీ ఏం చెయ్యాలో తోచేది కాదు.

ఒక ఆదివారం పొద్దున్నే ఆవిడ చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"పద బాబూ, బస్టాండుకి పోదాం."

"ఎక్కడికత్తయ్యా?"

"బస్సు ఎక్కడికి పోతే అక్కడికి. చుట్టుపక్కల బోలెడు ఊళ్ళున్నాయట, కింద కూరలమ్మి చెప్పింది. ఈ ఎదురుగోడని చూసీ చూసీ దాని మీది పగుళ్ళన్నీ నాకు కంఠతా వచ్చేశాయి."

కదలడానికి సిద్ధంగా ఉన్న బస్సు ఎక్కారు. కండక్టరు దగ్గరికొచ్చి నిలబడగానే అతను "మూడు" అన్నాడు. కండక్టరు మూడు టిక్కెట్లు చింపి చేతిలో పెట్టి ముందుకు వెళ్ళిపోయాడు. అతను టిక్కెట్ల వైపు చూశాడు. అత్తగారు కిటికీ వైపు తిరిగింది. వెనక్కి పిలిచి ఒకటి ఇచ్చేద్దామని అతనికీ అనిపించలేదు, ఇచ్చెయ్యమని ఆవిడా అనలేదు.

అది ఇటుకల ఊరు. బట్టీల నుంచి వచ్చే ఎర్రటి ధూళి కిటికీల మీదా, ఆరేసిన బట్టల మీదా, కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్న పెద్దాయన కనుబొమల మీదా ఉంది. ఊరంతా ఒకే వీధి. ఈ చివర మొదలుపెట్టి ఆ చివరికి నడిచి, టీ తాగి, వెనక్కి వచ్చారు. చూడ్డానికి ఏముందంటే ఏమీ లేదు. అయినా ఇంటికొచ్చి చెప్పులకంటిన ఎర్రమట్టి కడుక్కుంటూ ఆవిడ, "వచ్చే వారం ఇంకో వైపు పోదాం" అంది.

ఇంకో వైపున్న ఊళ్ళో రైలు స్టేషను ఉంది కానీ అక్కడ రైలు ఆగడం మానేసి చాలా ఏళ్ళయిందట. గడియారం ఆగిపోయింది, బెంచీలు మాత్రం ఎవరో శుభ్రంగా తుడుస్తున్నారు. ప్లాట్‌ఫారం చివర టిక్కెట్లిచ్చే గది ముందు పుదీనా, వంకాయ మొక్కలు. ఒకావిడ స్టేషను బోర్డుకి తాడు కట్టి దుప్పటి ఆరేస్తోంది.

"ఇది గనక చూస్తే..." అని అత్తగారు మొదలుపెట్టి ఆగిపోయింది.

చూస్తే కడుపు పట్టుకుని నవ్వేది ఎవరో అతనికి తెలుసు. ఇద్దరూ ఒకేసారి పక్కకి తిరిగారు, ఆ మనిషి నిలబడి ఉండాల్సిన వైపుకి. అక్కడ బెంచీ ఉంది. "ఎండెక్కింది, పోదామా?" అన్నాడు అతను.

అలా ఆదివారం రాగానే ఏదో ఒక ఊరు అలవాటైంది. ఊరు మారేది గానీ జరిగేది మారేది కాదు. కాసేపు కలిసి నడిచేవారు. తర్వాత ఆవిడ ఏ అరుగు మీదో చతికిలబడి, "నా కాళ్ళు లాగుతున్నాయి. నువ్వెళ్ళి ఆ వంతెనేదో చూసి రా" అనేది. అతను వెళ్ళి వంతెనో, చెరకు ఆడే మిల్లో, మూతపడ్డ సినిమా హాలో చూసేవాడు. ఎక్కడికి వెళ్ళినా ఒకటే ధ్యాస. ఆమె ఉంటే ఏమనేది? ఈ గేటు మీది సింహాన్ని చూసి దీనికి పంటి నొప్పి వచ్చిందనేది. ఈ దుకాణంలో అక్కర్లేని గిన్నె ఒకటి బేరమాడి కొనేది. ఆమె మాటలు ఒక్కొక్కటీ అతనికి కొత్తగా పుట్టుకొచ్చేవి, వినేవాళ్ళే లేరు. తిరిగొచ్చేసరికి అత్తగారు ఆ వీధి ఆడవాళ్ళతో కబుర్లలో ఉండేది. అతన్ని చూడగానే మాట మార్చేది. పాత అలవాటు, ఊళ్ళోవాళ్ళని పలకరించకుండా ఉండలేదు అనుకున్నాడు తప్ప ఇంకేమీ అనుకోలేదు.

అన్నిట్లోకీ ఆవిడకి రంగుల ఊరు నచ్చింది. అక్కడ ఏటి ఒడ్డున నూలుకీ బట్టలకీ రంగులద్దుతారు. రేవు పొడుగునా తాళ్ళ మీద నీలం, ఆకుపచ్చ, పసుపు గుడ్డలు ఆరుతూ ఉంటాయి. అద్దకం పనివాళ్ళ చేతులు మోచేతుల దాకా నీలం. ఒక కుక్క ఏ తొట్లో పడిందో, సగం నీలంగా తిరుగుతోంది. తర్వాతి ఆదివారం కూడా అక్కడికే వెళదామంటే అతను, "చూసిన ఊరే కదత్తయ్యా" అన్నాడు.

"సరిగ్గా చూళ్ళేదు" అంది ఆవిడ.

ఆ తర్వాత కొద్దిరోజులకి కంపెనీవాళ్ళు అతన్ని అదే ఊరికి పంపారు. బజార్లో మూడంతస్తుల బట్టల కొట్టు ఉంది. ఊరు మొత్తానికి లిఫ్టు ఉన్నది అక్కడే. అది రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య మొరాయించింది. మధ్యాహ్నానికల్లా బాగుచేసి, చేతుల గ్రీజు తుడుచుకుంటూ బయటికొచ్చి టీ చెప్పాడు. ఎదురుగా గుండీలు, దారాలు అమ్మే చిన్న కొట్టు. దాని గల్లా దగ్గర కూర్చున్నావిడ అతన్నే చూస్తూ చూస్తూ ఇక ఉండబట్టలేక రోడ్డు దాటి వచ్చింది.

"మీరు ఎక్స్ఛేంజి అమ్మగారి అల్లుడుగారు కదూ?"

అతను అవునన్నాడు.

"మంచి సమయానికి కనబడ్డారు. రంగు ఎండిపోయిందని చెప్పండి. ఒకటో తారీఖుకి గది తయారు. సామాను ఏ పూట తెస్తారో కాస్త ముందు చెబితే మనిషిని పెడతాను."

"ఏ గది?"

ఆవిడ నాలుక కరుచుకుంది. "అయ్యో, మీకు చెప్పలేదా?"

గుండీల కొట్టు వెనకే ఆ గది. గది అంటే గదే. ఒక మంచం పట్టేంత, పక్కన పొయ్యి గట్టు, కుళాయి, గోడకి అలమర. కిటికీ మాత్రం పెద్దది, నేరుగా వెనక వీధిలోకి. కిటికీ ముందు అరుగు, అరుగు మీద దారాలు చుట్టుకుంటూ ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు. అతను గుమ్మంలో నిలబడి లోపలికి చూశాడు. అడుగు వెయ్యబుద్ధి కాలేదు.

"ఒక్కదాన్నే ఉంటానన్నారు" అంది గుండీల కొట్టావిడ. "అల్లుడు బంగారం లాంటివాడు అని కూడా అన్నారు. అందుకే నాకు అనుమానం వచ్చింది. బంగారం లాంటివాడైతే వదిలిపెట్టి రావడం ఎందుకు అని. నేనడగలేదు. ఇవాళ మీరు కనబడ్డారని నోరు జారాను. ఏమీ అనుకోకండి."

బస్సులో కూర్చున్నంతసేపూ అతనికి ఒళ్ళు మండుతూనే ఉంది. ఇటుకల ఊళ్ళో, రైలాగని ఊళ్ళో, అన్ని ఊళ్ళలోనూ తను వంతెనలు చూస్తుంటే ఆవిడ అద్దె గదులు చూస్తోందన్నమాట.

ఇంటికి వచ్చేసరికి ఇంకా వెలుగుంది. అత్తగారు వంటింట్లో కూర్చుని బీన్స్ తుంచుతోంది.

"గది చూసి వచ్చానత్తయ్యా" అన్నాడు.

ఆవిడ చేతులు ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలాయి. "రంగు ఎలా ఉంది? లేత పసుపు వెయ్యమన్నాను."

"లేత పసుపే వేశారు."

"కొట్టావిడ చెప్పేసిందా? మాట దాచుకోలేని మనిషి, గొంతులోనే తెలుస్తుంది."

అతను సంచీ కింద పెట్టి ఎదురుగా కూర్చున్నాడు. "నేనేం లోటు చేశాను?"

"ఏమీ చెయ్యలేదు. చేసుంటే తేలిగ్గా ఉండేది. నాలుగు తిట్టి పోయేదాన్ని."

"మరి?"

ఆవిడ గిన్నె పక్కకి జరిపింది. "ఊళ్ళో వాళ్ళ లిఫ్టులన్నీ బాగుచేస్తావు, మనం మాత్రం లిఫ్టు లేని కొంపలో చేరాం. సాయంత్రం నువ్వు మెట్లెక్కి వస్తావా, కింది మెట్టు నుంచీ నీ అడుగులు వినబడతాయి నాకు. నీ అడుగుల వెనక ఇంకో జత వస్తాయేమోనని వింటూ ఉంటాను. రావని తెలుసు. అయినా వింటాను. చెవితో బతికినదాన్ని బాబూ, వినకుండా ఉండడం నాకు చేతకాదు. తలుపు తీస్తావు. ఒక్కడివే ఉంటావు. నిన్ను చూడగానే కోపం వస్తుంది. నీ తప్పేమీ లేదు, నాకు తెలుసు. అయినా వస్తుంది. రోజూ వస్తుంది."

అతను తలెత్తాడు.

"నువ్వు మాత్రం? నా మొహం వైపు చూసి ఎన్నాళ్ళయింది? గడ్డం దాకా వచ్చి ఆగిపోతావు. ఇప్పుడూ అక్కడే ఉన్నావు."

నిజమే. కూతురివి అచ్చంగా తల్లి కళ్ళని పెళ్ళిలోనే అందరూ అన్నారు. తనకి తెలియకుండానే ఆ కళ్ళ జోలికి పోవడం మానేశాడు. ఆవిడ గమనించదనుకున్నాడు. అసలు తనే గమనించలేదు.

"ఈ ఊళ్ళో తనని ఎరిగినవాళ్ళు ఒక్కరూ లేరు" అన్నాడు చివరికి. "మీరు కూడా వెళ్ళిపోతే, తను ఉండేదన్న సంగతి తెలిసినవాళ్ళే ఉండరు."

ఆవిడ పమిటతో కళ్ళు ఒత్తుకుంది. "అక్కడా ఎవరికీ తెలియదు. అందుకే వెళతానంటున్నాను. తెలియనివాళ్ళకైతే చెప్పగలను, మొదట్నుంచీ. నీకేం చెప్పను? నువ్వు ఏడుస్తావని నేనూ, నేను ఏడుస్తానని నువ్వూ నోళ్ళు కుట్టేసుకుని కూర్చున్నాం. ఇలాగే ఉంటే ఇద్దరం కలిసి దాన్ని మర్చిపోతాం బాబూ."

అతను వద్దనాలనుకున్నాడు. ఎన్ని విధాలుగా అనొచ్చో అన్నీ వెతుక్కున్నాడు. నోటికి వచ్చింది మాత్రం, "ఆ గది కిటికీకి గడియ సరిగ్గా లేదు. నేను వేస్తాను" అని.

ఒకటో తారీఖున సామాను చేరవేశాడు. సామాను అంటే ఒక పెట్టె, పరుపు, నాలుగు గిన్నెలు. కిటికీకి గడియ వేశాడు, అలమర తలుపు చిత్రిక పట్టాడు, కుళాయికి వాషరు మార్చాడు. చెయ్యడానికి ఇంకేమీ మిగలనంత వరకూ చేసి బస్సెక్కాడు. ఆ వారమంతా మెట్లు ఎక్కుతున్నప్పుడు తన అడుగులు తనకే వినబడ్డాయి. తాళం తీసి లోపలికి వెళితే ఇల్లు ఉత్త డొల్లగా ఉంది. ఇన్నాళ్ళూ భార్య కోసం బెంగపడ్డ మనిషికి ఇప్పుడు అత్తగారి మీద కూడా బెంగ పుట్టింది. రెండు బెంగలనీ ఒకే ఇంట్లో సర్దలేక కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగాడు.

ఆదివారం పొద్దున్నే రంగుల ఊరికి వెళ్ళాడు. అత్తగారు అరుగు మీదే ఉంది. చీర కుచ్చెళ్ళకి ఎక్కడో నీలం అంటుకుంది.

"చిక్కిపోయావేం? నిద్ర పోవట్లేదా?" అంది.

"పోతున్నాను."

"అబద్ధం. గొంతు చెబుతోంది." అన్నం పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చుంది. తర్వాత దుప్పటి దులిపి మంచం మీద వేసింది. "కాసేపు నడుం వాల్చు. నేనూ కొట్టావిడా రేవు దాకా వెళ్ళొస్తాం."

పడుకోనంటూనే పడుకున్నాడు. కొత్త సున్నం వాసన, కిటికీలోంచి ఏటి గాలి. ఎప్పుడు కన్నంటుకుందో తెలియలేదు.

మెలకువ వచ్చేసరికి ఎండ తిరిగింది. కిటికీ బయట, అరుగు మీద మాటలు. అత్తగారి గొంతు అందరికన్నా పైన ఉంది.

"...ఆరేళ్ళుంటాయేమో. బడికి సెలవని ఎక్స్ఛేంజికి తీసుకుపోయాను. నేనిలా మంచినీళ్ళకి లేచానో లేదో, నా కుర్చీ ఎక్కి బోర్డులోంచి ఒక తీగ తీసి ఇంకోచోట గుచ్చేసింది. ఎవరో పెద్దమనిషి వాళ్ళ బావమరిదితో మాట్లాడుతున్నాడు. ఆ బావమరిది లైను తెగి, ఇంకెవరిదో కలిసింది. ఆ ఇద్దరూ పది నిమిషాలు మాట్లాడుకున్నారమ్మా, ఒకరికొకరు ఎవరో తెలియకుండా. ఆరోగ్యాలు కనుక్కున్నారు, పిల్లల చదువులు కనుక్కున్నారు. చివర్న ఆయన, పోయినసారి కన్నా ఈసారి బాగా మాట్లాడావు బావా అన్నాడు."

అరుగు మీద ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు. వాళ్ళతో పాటు అత్తగారూ నవ్వింది.

అతను లేవబోతున్నవాడల్లా ఆగిపోయాడు. ముందు చిన్నగా ముక్కులోంచి మొదలై, ఒక్కసారి ఆగి, ఊపిరి తీసుకుని, పగలబడే నవ్వు. అది తన భార్య నవ్వు. ఏడేళ్ళు ఒకే ఇంట్లో ఉండి కూడా అతనికి ఆ సంగతి తెలియదు. అప్పట్లో ఎప్పుడు నవ్వినా తల్లీ కూతుళ్ళిద్దరూ కలిసే నవ్వేవారు, ఏది ఎవరిదో విడదీసి వినలేదు. ఆ తర్వాత ఆవిడ నవ్వనే లేదు. జోకులు వేసింది, వెటకారాలాడింది, నవ్వలేదు.

ఆరేళ్ళ పిల్ల కుర్చీ ఎక్కిన సంగతి కూడా అతనికి కొత్తదే. ఇన్నాళ్ళలో ఆమె గురించి తనకి తెలియనిది ఇంకా ఉందన్న ఆలోచనే రాలేదు.

"అల్లుడుగారు లేచారేమో, టీ పెట్టనా?" అంది బయట కొట్టావిడ.

"పడుకోనీ, వారమంతా నిద్ర లేనట్టుంది" అంది అత్తగారు.

"మరి ఆ తర్వాతేమయింది? ఆ పెద్దమనిషి పిల్లని పట్టుకున్నాడా?"

"పిల్లని కాదు, నన్ను పట్టుకున్నాడు. అది ఇంకా పెద్ద కథ."

బస్సుకి వేళవుతోందని అతనికి తెలుస్తూనే ఉంది. చెంపల మీద తడి దిండులోకి జారింది. తుడుచుకోలేదు. కదిలితే మంచం కిర్రుమంటుందని, అది విని వాళ్ళు ఆపేస్తారని, ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ గోడవైపు తిరిగి పడుకున్నాడు. బయట ఆవిడ గొంతు సవరించుకుని రెండో కథ మొదలుపెట్టింది.